విడుదలైన మనిషికి కూలి ఎంత?

విక్టర్ హ్యూగో నవల 'లే మిజరబుల్స్' (1862) ప్రస్తావన రాగానే బిషప్ ఇచ్చిన వెండి సెమ్మెలే అందరికీ గుర్తొస్తాయి. అంతకు ముందరి కూలి లెక్క ఎవరికీ గుర్తుండదు. రొట్టె దొంగిలించి, పారిపోజూసినందుకు శిక్ష పెరిగి, 19 ఏళ్లు జైల్లో మగ్గిన జాన్ వాల్జాన్ బయటికొచ్చిన మర్నాడే మూటలు దించే పనికి కుదిరాడు. మాజీ ఖైదీ అని చాటే పసుపుపచ్చ పాస్‌పోర్టు మధ్యలో బయటపడింది. పని తోటివాళ్లతో సమానంగానే చేశాడు. కూలి మాత్రం వాళ్లకన్నా తక్కువ ముట్టింది. జైలు వేసిన ముద్ర యజమానికి లాభమయింది. నవలలోని వాస్తవికతకు ఆయువుపట్టు ఇదే.

మరి అతడు నిలదొక్కుకున్నదెలా? కొత్త ఊళ్లో అడుగుపెడుతూనే పోలీసు అధికారి పిల్లల్ని మంటల్లోంచి కాపాడాడు. ఆ హడావుడిలో పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు. మారుపేరుతో కర్మాగారం పెట్టాడు, మేయరయ్యాడు. అసలు పేరు చెప్పుకున్నాక మళ్లీ సంకెళ్లే! ఆ సంఘం ఆదరించింది గతం దాచుకున్నవాణ్ణే. బిషప్ దయ మనిషిని మార్చగలిగింది గాని ఆ సంఘాన్ని మార్చలేకపోయింది.

ఈ కథ 1950లోనే 'బీదలపాట్లు'గా తెలుగు తెరకెక్కింది. అయినా జైలు మీద మన కథలు చాలావరకు గేటు దగ్గరే ముగుస్తున్నాయి. గేటు దాటిన మర్నాడు పని ఎవరిచ్చారు, ఎంతకిచ్చారు, ఇల్లెవరు అద్దెకిచ్చారు? రచయిత అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.