రాధికాసాంత్వనము – అశ్లీలవిచారము

వీపనగండ్లనుండి పెబ్బేరు మీదుగా పోయి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి అలంపురము చేరుట ఆ ప్రాంతపు కుటుంబములకు పరిపాటి. జోగులాంబను, నవబ్రహ్మాలయములను సేవించిన పిదప కొందరు అచటి ప్రదర్శనశాలలోను అడుగిడుదురు. అందు లజ్జాగౌరి విగ్రహ మొకటి కలదు. శిరస్సునకు మారుగా పద్మము, దేహము నగ్నము, మోకాళ్లు ముడిచి యెడముగా నుంచిన భంగిమ. దానిని తొలిసారి చూచినపుడు మేమును కన్నులు దించుకొన్నవారమే. ఆ విగ్రహమును చూచి వచ్చిన వీపనగండ్ల గృహిణి యొకతె మమ్మొక ప్రశ్న యడిగినది. ఇట్టి మూర్తికి మ్రొక్కు మనము, ముద్దుపళని కావ్యమును కళాశాలలో చదువు కూతురి చేతికీయ వెనుదీయుట యేల యని.

ప్రశ్న చిన్నది, ఉత్తరము మా గురువర్గమునకే తగులుచున్నది.

ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునందలి కవయిత్రి. రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారకావ్యము. రాధ తాను పెంచిన ఇలాదేవిని కృష్ణునకిచ్చి పెండ్లి చేయును. ఆ బాలకు తానే బుద్ధులు గఱపును. కృష్ణునకును మెల్లగా మెలగుమని చెప్పును. తరువాత తానిచ్చిన దానికే తాను కుములును. త్యాగమును, ఈర్ష్యయు ఒకే హృదయమున నిట్లు పెనగులాడుట మన ప్రబంధములలో తఱచు కానరాదు. పద్యములన్నియు సమానముగా నున్నవని మేమనము. కొన్నిచోట్ల వర్ణన వాడుకబడిన మూసలో సాగి విసుగు పుట్టించును. కాని రాధ నోరు విప్పినచోట ఆ విసుగు నిలువదు.

1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించి ఆంధ్రదేశమునకు కనులు తెఱపించిన వీరేశలింగము పంతులుగారు, ఆంధ్రకవుల చరిత్రమున ఈ కావ్యమును గర్హించిరి. స్త్రీ చెవిని పడరాని మాటలు స్త్రీ నోటనే వెలువడినవని వారి రోత. కవయిత్రి కులవృత్తియు వారి తీర్పులో చేరినది. పంతులుగారి ఋణము తీర్చుకొనలేని వారము మేము. అయినను ఇచట వారు తప్పిరని చెప్పక తప్పదు. కావ్యదోషమును చూపుటకు మాఱుగా కర్త్రి జన్మను చూపుట విమర్శ కాదు.

ఈ మాట తొలుత అన్నది మేము కాము. బెంగుళూరు నాగరత్నమ్మగారు తాళపత్రమును సంపాదించి, 1910లో వావిళ్లవారిచే ఈ గ్రంథమును ప్రకటింపించి, పీఠికలో పంతులుగారినే నిలదీసిరి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని, పంతులుగారే పరిశీలించి సమ్మతించిన వైజయంతీవిలాసముకంటె ఇందధికమైన దేమని వారి ప్రశ్న. 1887లో పైడిపాటి వెంకటనరసుగారు వెలువరించిన ప్రతిలో కొన్ని పద్యములే గాక, ముద్దుపళని తన తల్లిని, తాతమ్మలను చెప్పుకొన్న భాగమును లోపించినది. దీనిని పాఠకులు గమనింపవలెను. వంశవర్ణనలో అశ్లీలమేమున్నది? కత్తెర పడినది దేహముమీద మాత్రము కాదు, ఆమె పేరుమీదను!

1911లో మద్రాసు ప్రభుత్వము ఈ కావ్యమును నిషేధించినది, ప్రతులను స్వాధీనము చేసికొన్నది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు ప్రభుత్వము నడపిన కాలమున గాని ఆ నిర్బంధము సడలలేదు. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. నాగరత్నమ్మగారు కన్నుమూసినదియు ఆ యేడే. ఆ నిషేధకాలమందంతటను క్షేత్రయ్య పదములు పాడబడుచునే యుండెను, విజయవిలాసము చదువబడుచునే యుండెను.

మన ఆలంకారికులు అశ్లీలమును ఎఱుగనివారు కారు. వ్రీడను, జుగుప్సను, అమంగళమును స్ఫురింపజేయు మాటను దోషమనిరి. అయితే దానిని ఆ మాటయందు, ఆ చోటునందు వెదకిరి. సందర్భము మాఱిన అదియే దోషము కాదనియు మమ్మటుడు ఒప్పుకొన్నాడు. ఈ కొలతయే మాకు నచ్చినది. చదువుచుండగా పాత్ర మాయమై అవయవములే మిగిలినచో అది సరుకు. పాత్ర నిలిచి తన బాధ తాను పలికినచో కావ్యము. ముద్దుపళని రాధ నిలిచినది.

లజ్జాగౌరికి ముఖమే లేదు గదా, మీ కొలత యేమగునని ఆ గృహిణి వెంటనే ఆక్షేపించినది. సబబైన ఆక్షేపణమే. అది ప్రసవభంగిమ యని కొందరు పండితులు, కాదని కొందరు. మాకు తోచిన దింతే: ఆ శిల చూపఱి కోరికను అర్థించుట లేదు, చూపఱియే సంతు కోరి దాని ముందు నిలిచియున్నాడు. అమ్మిన పటమునకును దానికిని అంతరమక్కడ నున్నది. శిలకును కావ్యమునకును ఒకే సూత్రము అతుకదేమో కూడ.

కూతురి సంగతి వేఱు. పదేండ్ల పిల్లకు ఈ గ్రంథమిమ్మని మేమనలేదు. కళాశాలకు పోవు బాలిక గనుక, తల్లి ముందు చదివి, నాగరత్నమ్మగారి పీఠికతోనే ఆమెకందీయవచ్చునని చెప్పితిమి. మొదట తానే చదివి చూచెదనని ఆమె పుస్తకము తీసికొనిపోయినది. ఇంకను తిరిగి రాలేదు.