డాక్టరు ఆదాయం, డాక్టరు నీతి: ‘ది సిటడెల్’ నవలపై ఒక పరిశీలన

ఎ.జె. క్రోనిన్ 1937లో వెలువరించిన ‘ది సిటడెల్’ను చాలామంది, ఒక మంచి డాక్టరు డబ్బుకు లొంగి మళ్లీ దారిలో పడిన కథగా చదువుతారు. అలా చదివితే తప్పంతా ఒక మనిషి బలహీనతగానే మిగిలిపోతుంది. నవలలోని ప్రాక్టీసులను పక్కపక్కన పెట్టి చూడండి. డాక్టరుకు డబ్బు ఏ దారిన వస్తుందో, నీతికి పరీక్ష కూడా ఆ దారినే వస్తుందని గ్రహిస్తారు.

క్రోనిన్ స్వయంగా డాక్టరు. వేల్స్ బొగ్గుగనుల ప్రాంతంలోనూ, తర్వాత లండన్‌లోనూ పనిచేశాడు. కథానాయకుడు ఆండ్రూ మాన్సన్‌దీ అదే దారి. మొదటి ఊళ్లో, మంచం పట్టిన డాక్టర్ పేజ్ దగ్గర అతను సహాయకుడు. పని మాన్సన్‌ది, రాబడి పేజ్ ఇంటిది.

తర్వాతి ఊరు అబెరలాలో గనికార్మికులు చందాలు వేసుకుని వైద్యసంఘాన్ని నడుపుతారు. కార్మికుడు తన కార్డును నచ్చిన డాక్టరుకు ఇస్తాడు. కార్డులను బట్టే డాక్టరు ఆదాయం. లేని జబ్బుకు సర్టిఫికెట్ ఇవ్వనన్నందుకు మాన్సన్ కొన్ని కార్డులు పోగొట్టుకుంటాడు. అంటే న్యాయంగా కనిపించే ఏర్పాటులోనూ ఒత్తిడి తప్పదు. కాని అది అందరికీ తెలిసిన ఒత్తిడి. కమిటీ అతన్ని పిలిచి అడగగలదు. అతను జవాబు చెప్పుకోగలడు.

లండన్‌లో అడిగేవారు లేరు. అవసరం లేని ఇంజక్షన్లు, ఒకరికొకరు రోగులను పంపుకోవడం, ఫీజులో వాటాలు అన్నీ చాటుగా సాగుతాయి. చిన్న దుకాణం నడుపుకునే హారీ విడ్లర్‌ను మాన్సన్ తన మిత్రుడు ఐవరీ చేత ఆపరేషన్ చేయిస్తాడు. ఐవరీ చేతగానితనం వల్ల విడ్లర్ బల్లమీదే చనిపోతాడు. ఐవరీ ఎలాంటి సర్జనో, అతనికీ మాన్సన్‌కూ మధ్య ఉన్న పొత్తు ఏమిటో విడ్లర్ దంపతులకు తెలియదు. నవలలో అసలు అన్యాయం ఇదే.

నవల లోపం ముగింపులో ఉంది. మాన్సన్, డెన్నీ, హోప్ కలిసి ఒక చిన్న పట్టణంలో ఉమ్మడి ప్రాక్టీసు పెట్టాలనుకుంటారు. అక్కడ ఫీజులు ఎవరు నిర్ణయిస్తారో, లెక్కలు ఎవరికి చూపుతారో రచయిత చెప్పడు. మంచివాళ్లు కలిస్తే చాలునన్న నమ్మకం అది. మాన్సన్ కూడా మంచివాడిగానే లండన్ వెళ్లాడు కదా!

మన దేశంలో 2002 నాటి వైద్యవృత్తి నియమావళి, రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదని, పుచ్చుకోకూడదని అంటుంది. ఫీజులు రోగులకు కనిపించేలా ప్రదర్శించాలని కూడా చెబుతుంది. నవల వదిలేసిన చోటును ఇలాంటి నియమాలే పూరించాలి. నవల చదివేటప్పుడు ప్రతి సన్నివేశంలోనూ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ సంగతి రోగికి తెలుసా?