దానంగా వచ్చిన సేకరణ: వస్తువు, ఇల్లు, వివరం – సాలార్‌జంగ్ మ్యూజియంపై విమర్శనాత్మక పరిశీలన

చారిత్రక గృహం మ్యూజియంగా మారినప్పుడు సమాజానికి దక్కేవి వస్తువులు మాత్రమే కావు. ఏ వస్తువును ఎవరు కొన్నారు, ఏ గదిలో ఉంచారు, ఎందుకు వాడారు అన్న వివరం కూడా ఆ దానంలో భాగమే. ఈ కొలమానంతో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియాన్ని పరిశీలిద్దాం.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ 1949లో మరణించారు. ఆయన అవివాహితుడు. వేర్వేరు భవనాలలో ఉన్న ఆయన వస్తువులను కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ ఆధ్వర్యంలో సేకరించి, నవాబు నివాసమైన దివాన్ దేవిడిలో అమర్చారు. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో రాజీ ఒప్పందం ద్వారా వారసులు సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో దానిని మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలించారు.

ఇందులో సాధించినది తక్కువేమీ కాదు. పంపకాలలో చెల్లాచెదురు కాగల సేకరణకు చట్టరక్షణ లభించింది. కొత్త భవనం ఎక్కువమంది సందర్శకులకు చోటిచ్చింది. అయితే సేకరణకు, ఇంటికి ఉన్న బంధం తెగిపోయింది. దివాన్ దేవిడిని తరువాతి కాలంలో చాలావరకు కూల్చివేశారు. కమాను ద్వారాల వంటివి మాత్రమే మిగిలాయి. కొత్త భవనంలో వస్తువులను ప్రధానంగా రకాన్నిబట్టి, దేశాన్నిబట్టి విభజించారు. దంతపు వస్తువులు ఒకచోట, ఆయుధాలు మరొకచోట ఉంటాయి. కళను అధ్యయనం చేసేవారికి ఇది అనుకూలమే. కాని ఆ వస్తువుల నడుమ ఒక కుటుంబం ఎలా జీవించిందో ఈ అమరిక చెప్పదు.

ఈ విమర్శకూ ఒక హద్దుంది. దేవిడిలోని ప్రదర్శన కూడా పలు భవనాల వస్తువులతో కూర్చినదే. కనుక 1968లో పోయినది నవాబు బతికిన ఇల్లు యథాతథంగా కాదు. అందువల్లనే వివరాల నమోదు మరింత ముఖ్యం. ఉదాహరణకు, ప్రసిద్ధమైన ‘ముసుగు రెబెకా’ శిల్పాన్ని 1876లో రోములో కొన్నది మొదటి సాలార్‌జంగ్. ఈ ఒక్క వివరం చాలు, మ్యూజియం ఒకే వ్యక్తి అభిరుచికి ఫలమన్న అభిప్రాయాన్ని సవరించడానికి.

లండన్‌లోని జాన్ సోన్ గృహం దీనికి భిన్నమైన ఉదాహరణ. తన ఇంటిని వీలైనంతవరకు తాను ఉంచినట్లే ఉంచాలని ఆ వాస్తుశిల్పి 1833లోనే పార్లమెంటు చట్టం చేయించుకున్నాడు. అయినా ఆయన సొంత గదులు తరువాత కార్యాలయాలయ్యాయి. వాటిని మళ్లీ పూర్వరూపానికి తేగలిగారంటే, ఆ గదులను చూపే పాత నీటిరంగుల చిత్రాలు భద్రంగా ఉండటమే కారణం. చట్టం ఒక్కటే కాపాడలేనిదాన్ని నమోదు కాపాడింది.

కాబట్టి దానాన్ని స్వీకరించే సంస్థ అక్సెషన్ రిజిస్టరులో వస్తువు పేరు, కొలతలతో ఆగకూడదు. అది ఉన్న గది, కొన్నవారు, ఇచ్చినవారి షరతులు, కదిలించక ముందు తీసిన ఫొటో కూడా చేర్చాలి. ఇల్లు నిలవకపోయినా ఆ రిజిస్టరు నిలుస్తుంది.

ఆలోచించండి: మీ ఊరిలో ఒక పాత ఇంటిని గ్రంథాలయానికి దానంగా ఇస్తే, వస్తువులను కదిలించే ముందు మీరు ఏయే వివరాలు నమోదు చేస్తారు? ఎందుకు?