స్కోరుబోర్డు లేని కుస్తీ

ప్రొఫెషనల్ రెజ్లింగ్ మ్యాచ్‌లకు కొందరు పనిగట్టుకుని సమీక్షలు రాస్తారంటే నవ్వేవాళ్లే ఎక్కువ. ఎవరు గెలవాలో ముందే అనుకుని బరిలోకి దిగుతారు కదా, ఇంక దానికి సమీక్ష ఏమిటని వాళ్ల ప్రశ్న. గెలుపు ముందే ఖాయమవుతుందన్న మాట నిజమే, అందులో రహస్యమూ లేదు. 1989లో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు తమది క్రీడ కాదు, వినోదమని ఒప్పేసుకుంది. అది నిజాయితీ పొంగుకొచ్చి చెప్పిన మాటేం కాదు. క్రీడ కాదని తేలితే రాష్ట్ర అథ్లెటిక్ అధికారుల అజమాయిషీ తప్పుతుంది, కట్టాల్సిన రుసుములూ తప్పుతాయి. ఏదైతేనేం, గుట్టు విప్పింది ఆ ఇంటివాళ్లే. అయితే గెలుపు ముందే ఖాయమైంది కాబట్టి సమీక్ష అక్కర్లేదనడం మాత్రం తలకిందుల వాదన. క్రికెట్ మ్యాచ్ ఎంత చప్పగా సాగినా చివరికి స్కోరంటూ ఒకటి మిగులుతుంది, ఎవరు బాగా ఆడారో సగం అదే చెప్పేస్తుంది. రెజ్లింగ్‌లో గెలుపు కథలో ఒక మలుపు, అంతే. ఆ రాత్రి ఓడినవాడే గెలిచినవాణ్ని నిలబెట్టి ఉండొచ్చు, మ్యాచ్ మొత్తాన్ని తన భుజాల మీద మోసి ఉండొచ్చు. ఆ సంగతి ఏ బోర్డు మీదా కనిపించదు. పని బాగా జరిగిందా లేదా అన్నది తేల్చాల్సింది చూసినవాడే. అందుకే ఫలితం ముందే తేలిపోయిన కుస్తీకే సమీక్షకుడి అవసరం ఎక్కువ.

ఈ అవసరం బాగా కనిపించేది చిన్న సంస్థల రెజ్లింగ్‌లో. 2001లో ఈసీడబ్ల్యూ అనే రెజ్లింగ్ సంస్థ మూతపడింది, డబ్ల్యూసీడబ్ల్యూ అనే ఇంకో సంస్థను పోటీదారే కొనేశాడు. అమెరికాలో పెద్ద కొట్టు ఒక్కటే మిగిలింది. మరుసటి ఏడాది, 2002 ఫిబ్రవరి 23న, ఫిలడెల్ఫియాలో రింగ్ ఆఫ్ ఆనర్ అనే చిన్న సంస్థ మొదటి ప్రదర్శన జరిగింది. చివరి మ్యాచ్‌లో లో కీ, క్రిస్టఫర్ డేనియల్స్, బ్రయన్ డేనియల్సన్ ముగ్గురూ ఒకేసారి తలపడ్డారు. బాణసంచా లేదు, పెద్ద తెరలు లేవు, మైకు పట్టుకుని పావుగంట ఉపన్యాసాలు లేవు. పోటీకి ముందూ తర్వాతా చేతులు కలపాలన్న ఆచారం మాత్రం ఉంది. టీవీ ఒప్పందం లేని ఆ సంస్థకు ప్రధాన ఆదాయం వీడియోటేపులు, డీవీడీల అమ్మకమే. తపాలాలో డిస్క్ తెప్పించుకునేవాడికి వచ్చే సందేహం ఒకటే, ఏది కొనాలి? ఆ సందేహం తీర్చింది అభిమానుల సమీక్షలు. అంటే అక్కడ సమీక్ష ఆటకు తోక కాదు, ఆ వ్యాపారాన్ని నిలబెట్టిన వాటిలో ఒకటి. 2009లో హెచ్‌డీనెట్ చానెల్లో వారంవారం కార్యక్రమం మొదలైంది. 2011లో సింక్లెయిర్ అనే ప్రసార సంస్థ రింగ్ ఆఫ్ ఆనర్‌ను కొనుక్కుంది. దాంతో సమీక్షకుడి పని మారింది, కానీ తగ్గలేదు.

సమీక్షకుడు చూసేదేమిటి? మన పల్లెల్లో పౌరాణిక నాటకం చూసేవాళ్లకు దుర్యోధనుడు ఓడతాడని తెలియక కాదు తెల్లవార్లూ కూర్చునేది, పద్యం ఎలా ఎత్తుకుంటాడో, రాగం ఎక్కడ విరుస్తాడో వినడానికి. రెజ్లింగ్ చూపరి స్థితి దానికి దగ్గరగా ఉన్నా ఒక మెట్టు తేడా ఉంది. ఫలితం ఖాయమైందని ఇతనికి తెలుసు, కానీ ఆ ఫలితం ఏమిటో తెలియదు. ఆ చిన్న సందులోనే కళంతా నడుస్తుంది. దెబ్బ తిన్నవాడు ఆ బాధను ఒంట్లో నిలుపుకోవాలి. ఆ రంగంలో దీన్ని సెల్లింగ్ అంటారు. ఐదో నిమిషంలో మోకాలి మీద పది దెబ్బలు తిన్నవాడు పదిహేనో నిమిషంలో తాళ్ల మీదికి లేడిపిల్లలా గెంతితే, ఆ పది దెబ్బలూ దండగే. కుంటుతూ ఎక్కి, ఎక్కడంలో ఒక్క క్షణం ఆలస్యమై, ఆ క్షణంలోనే ప్రత్యర్థికి దొరికిపోతే మొదట్లో తిన్న దెబ్బలకు అర్థం వచ్చినట్టు. తర్వాత చూడాల్సింది మ్యాచ్ నడక. విలన్ పాత్రను హీల్ అంటారు, హీరోను బేబీఫేస్ అంటారు. హీల్ ఎంతసేపు పైచేయిగా ఉండాలి, బేబీఫేస్ ఎప్పుడు తిరగబడాలి? మరీ తొందరగా తిరగబడితే జనంలో కసి పుట్టదు, మరీ ఆలస్యమైతే నీరసం వస్తుంది. ఇంకొకటి మూడు లెక్కపెట్టే ఘట్టం. రిఫరీ చెయ్యి మూడోసారి చాపను తాకబోతుండగా భుజం లేపడం పైకి తేలిగ్గా కనిపిస్తుంది. కానీ ఇదే ముగింపు కావొచ్చని జనం నమ్మిన పట్టుకే అలా లేవాలి. ఎవరూ నమ్మని పట్టుకు ఆఖరి క్షణంలో లేచినా అరుపు రాదు. ఏ పట్టుతో ఎవరు ఓడిపోతారో నెలల తరబడి నేర్పి పెట్టాక గానీ ఆ నమ్మకం కుదరదు. రొలాండ్ బార్త్ అనే ఫ్రెంచి రచయిత 1957 నాటి తన మైథాలజీస్ పుస్తకంలో రెజ్లింగ్‌ను క్రీడల సరసన కాక రంగస్థలం సరసన కూర్చోబెట్టాడు. మాట బాగుంది. కాకపోతే ఆయన చూసింది ఒక్కో ఘట్టాన్ని విడివిడిగా. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య నడిచే లెక్కను పట్టుకున్నది మాత్రం తర్వాతి తరాల అభిమానులే.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. వీరాభిమాని రాసేది భజన అవుతుంది గానీ సమీక్ష ఎలా అవుతుంది? ప్రేమ కళ్లకు గంతలు కడుతుందన్నది అబద్ధమేం కాదు. కానీ రెజ్లింగ్‌లో జ్ఞాపకం లేకుండా చూపు రాదు, ఆ జ్ఞాపకం అభిమానికే ఉంటుంది. 2004లో రింగ్ ఆఫ్ ఆనర్‌లో సమోవా జో, సీఎం పంక్ ఆడిన మూడు మ్యాచ్‌లు ఇందుకు గట్టి సాక్ష్యం. జో అప్పటికి ఏడాదికి పైగా చాంపియన్. భారీ మనిషి, దూకుడుగా కొట్టి పడేసే రకం. జూన్ 12న ఒహాయోలోని డేటన్‌లో పంక్ అతన్ని పడగొట్టలేదు, సైడ్ హెడ్‌లాక్ వేసి పట్టుకున్నాడు. తల చంకలో ఇరికించుకుని బిగించే ఈ పట్టు ఏ శిక్షణ కేంద్రంలోనైనా తొలి పాఠాల్లోదే. విడిపించుకుంటే మళ్లీ అదే, మళ్లీ అదే. అరవై నిమిషాలు గడిచాయి, మ్యాచ్ డ్రాగా తేలింది. అక్టోబరు 16న పంక్ సొంత ఊరు షికాగో పక్కనే ఉన్న షికాగో రిడ్జ్‌లో రెండో మ్యాచ్ జరిగింది. హెడ్‌లాక్ పడగానే హాల్లో వాళ్లకు గత మ్యాచ్ గుర్తొచ్చింది. మొదటిసారి విసుగు తెప్పించగల పట్టు రెండోసారి బెదిరింపుగా మారింది. అదీ అరవై నిమిషాల డ్రానే. డేవ్ మెల్ట్‌జర్ తన రెజ్లింగ్ అబ్జర్వర్ పత్రికలో దానికి ఐదు నక్షత్రాలిచ్చాడు. 1997 తర్వాత అమెరికా గడ్డ మీద జరిగిన మ్యాచ్‌కు ఆయన ఐదు ఇవ్వడం అదే మొదలు. డిసెంబరులో మూడోది, జో గెలిచాడు. మొదటిది చూడనివాడికి రెండో మ్యాచ్‌లో కనిపించేది ఇద్దరు మనుషులు చాలాసేపు పెనుగులాడటం మాత్రమే. తటస్థుడికి ఆ మ్యాచ్ సగమే అందుతుంది. పక్షపాతానికి విరుగుడు అభిమానం లేకపోవడం కాదు, కారణం చూపించడం. ‘అద్భుతం’ అని ఊరుకున్నవాడు భజనపరుడు, ఏ పట్టు ఎందుకు పనిచేసిందో చెప్పినవాడు విమర్శకుడు.

టీవీకి వచ్చేసరికి చూడాల్సినవి ఇంకొన్ని చేరతాయి. హెచ్‌డీనెట్ కార్యక్రమాన్ని ఎక్కువగా ఫిలడెల్ఫియాలోని పాత ఈసీడబ్ల్యూ ఎరీనాలో, అనేక వారాలకు సరిపడా ఎపిసోడ్లు ఒకేసారి చిత్రీకరించేవాళ్లు. మూడో వారం ఎపిసోడ్‌లో జనం నీరసంగా ఉన్నారంటే తప్పు మల్లయోధులది కాకపోవచ్చు, అప్పటికే వాళ్లు గంటల తరబడి అరిచి ఉంటారు. ఇది పట్టించుకోకుండా ‘జనం స్పందించలేదు’ అని రాయడం అన్యాయం. ప్రకటనల విరామం ఇంకో చిక్కు. తిరిగి వచ్చేసరికి హీల్ పైచేయిగా ఉంటాడు. చేతులు ఎప్పుడు మారాయో మనం చూడలేదు, ఆ లోటును వ్యాఖ్యాత రెండు వాక్యాల్లో పూడ్చాలి. అందుకే వ్యాఖ్యానాన్నీ మ్యాచ్‌లో భాగంగానే లెక్కగట్టాలి. అన్నిటికీ మించి, వారంవారం వచ్చే గంట కార్యక్రమంలో ప్రతి మ్యాచ్ గొప్పది కానక్కర్లేదు. కొత్తగా వచ్చినవాణ్ని ఆరు నిమిషాల్లో ప్రమాదకారిగా చూపించడమే కొన్నిటి పని. ఆ పని చక్కగా చేసిన ఆరు నిమిషాలను ముప్ఫై నిమిషాల పోరుతో పోల్చి తక్కువ చేయడం సమీక్షకుల్లో తరచూ కనిపించే పొరపాటు.

జనం అసలే లేకపోతే? 2020లో కోవిడ్ కాలాన రింగ్ ఆఫ్ ఆనర్ బాల్టిమోర్‌లో ఖాళీ హాలు పెట్టుకుని ప్యూర్ టైటిల్ కోసం పదహారు మందితో టోర్నమెంట్ నడిపింది. ఆ టైటిల్ 2004లో పుట్టింది. 2006లో ప్రధాన టైటిల్‌లో కలిసిపోయి కనుమరుగైంది. మళ్లీ బయటికి తీసింది 2020లోనే. మామూలు రెజ్లింగ్‌లో పట్టులో చిక్కినవాడు తాడు అందుకుంటే రిఫరీ విడిపించాలి. ప్యూర్ పద్ధతిలో ఆ వెసులుబాటు మూడుసార్లే. అవి అయిపోయాక తాడు పట్టుకున్నా పట్టు చెల్లుతుంది. బిగించిన పిడికిలితో ముఖం మీద గుద్దకూడదు. గడువులోగా తేలకపోతే న్యాయనిర్ణేతలు తేలుస్తారు. ఈ నియమాల్లో ఏదీ కొట్లాటకు అందం తెచ్చేది కాదు. అయినా ప్రతిదీ చూపరికి లెక్కపెట్టుకోవడానికి ఏదో ఒకటి ఇస్తుంది. ఒక్క తాడు అవకాశమే మిగిలినవాడు రింగు మధ్యలో పట్టులో పడ్డాడంటే, అరిచే జనం లేకపోయినా ప్రమాదం అర్థమవుతుంది. టోర్నమెంట్ గెలిచిన జోనథన్ గ్రెషమ్ పొట్టివాడు, ‘ఆక్టోపస్’ అని పేరు. చేయి, మణికట్టు, మోచేయి, ఒక్కో కీలునూ పట్టుకుని విడవకుండా నడిపాడు. జనం కేకలను ఆసరా చేసుకుని రాసే అలవాటున్న సమీక్షకుడికి ఇక్కడ రాయడానికి ఏమీ దొరకదు. పట్టు చూసి రాసేవాడికి ఎంతైనా దొరుకుతుంది.

నక్షత్రాల మీద ఉన్న ఫిర్యాదు బలమైనదే. రెజ్లింగ్ మేనేజర్ జిమ్ కార్నెట్, ఆయన మిత్రుడొకరు మొదలుపెట్టారని చెప్పే ఈ పద్ధతిని ఊరూరా తెలిసేలా చేసింది మెల్ట్‌జర్. ఐదే గరిష్ఠమని అందరూ అనుకుంటుండగా 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో జరిగిన ఒకాడా, ఒమెగా అనే మల్లయోధుల మ్యాచ్‌కు ఆరిచ్చాడు. 2018 జూన్‌లో అదే ఇద్దరికి ఏడు. గజం బద్ద పొడవే మారిపోతుంటే కొలతకు విలువేముంది? మన దగ్గర తొంభైల్లో పిల్లలు ఆడుకున్న రెజ్లింగ్ ట్రంప్ కార్డుల్లో ఎత్తు, బరువు, ఛాతీ అంకెలుండేవి, పెద్ద అంకె ఉన్నవాడు కార్డు లాక్కునేవాడు. నక్షత్రాలతో వాదించుకునే పెద్దవాళ్లు ఆ ఆటే ఇంకా ఆడుతున్నారనిపిస్తుంది. కానీ దీనివల్ల చెడ్డపేరు రావాల్సింది అంకెకే, సమీక్షకు కాదు. అంకె తీసేసినా నిలబడే పేరా రాయగలిగితే నక్షత్రాలు ఉన్నా ఇబ్బంది లేదు, లేకపోయినా లోటు లేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. మెచ్చుకోలు కోసం మల్లయోధులు ఒళ్లు ధ్వంసం చేసుకుంటున్నారని, అందులో సమీక్షకుల చెయ్యీ ఉందని. తొంభైల్లో మెల్ట్‌జర్ నుంచి ఎన్నోసార్లు ఐదు నక్షత్రాలు అందుకున్న జపాన్ మల్లయోధుడు మిత్సుహారు మిసావా మెడ మీద పడే దెబ్బలు ఏళ్ల తరబడి తిన్నాడు. 2009 జూన్ 13న హిరోషిమాలో ఒక సూప్లెక్స్ (ఎత్తి వెనక్కి పడేసే పట్టు) తర్వాత రింగులోనే కుప్పకూలి చనిపోయాడు. 2006 ఆగస్టులో లివర్‌పూల్‌లో డేనియల్సన్‌తో పోటీలో నైజెల్ మెక్‌గిన్నెస్ తల ఇనప స్తంభానికి నిజంగానే ఢీకొని నెత్తురు కారింది. ఆ మ్యాచ్‌ను అప్పట్లో ఆకాశానికెత్తారు. ఈ నిందను తోసిపుచ్చలేం. అయితే ఇందులో దోషం ఏ రకం సమీక్షదో చూడాలి. దెబ్బ ఎంత పెద్దదని కొలిచేవాడికి రేపు ఇంకా పెద్ద దెబ్బ కావాలి. దెబ్బకు ముందూ వెనకా ఏముందో చూసేవాడికి హెడ్‌లాక్ చాలు, మూడో తాడు అవకాశం చాలు. మొదటి రకం రాతలు తగ్గితే మెడలు కొంత కుదుటపడతాయి. ఎవరి మెడకైనా నిజంగా దెబ్బ తగిలినట్టు కనిపించినప్పుడు దాన్ని సాహసమని రాయకుండా పొరపాటని రాయడం కూడా సమీక్షకుడి పనే.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా అనరు. హెచ్‌డీనెట్ పేరే ఇప్పుడు లేదు. రింగ్ ఆఫ్ ఆనర్‌ను 2022లో టోనీ ఖాన్ కొన్నప్పుడు పాత వీడియోల భాండారమూ అతని చేతికొచ్చింది కాబట్టి ఆ మ్యాచ్‌లు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి. స్థానిక చానెళ్లలో అర్ధరాత్రి ప్రసారమై, టేపులు చెరిపేసిన చిన్న సంస్థల కార్యక్రమాలకు ఆ అదృష్టం లేదు. వాటిలో ఎవరు ఎవరితో తలపడ్డారో, ఏ పట్టుతో ముగిసిందో ఇవాళ తెలుసుకోవాలంటే ఆ కాలపు అభిమాని రాసిపెట్టిన కాగితాలే గతి. సమీక్షలో ముందు పట్టు పట్టుకూ ఏం జరిగిందో వరసగా రాసి, నచ్చిందా లేదా అన్నది ఆ తర్వాతే చెప్పాలని పాతకాపులు పట్టుబట్టడం అందుకే.