సార్ ముంగట ఏం మాట్లాడాలె?

షోలాపూర్ తూర్పు పేటల్లో, అశోక్ చౌక్ దాటి గల్లీల్లోకి వెళ్తే మాట వినపడాలంటే గొంతు పెంచాలి. గోడ అవతల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటాయి. 1870ల్లో ఇక్కడ తొలి మిల్లు లేచాక, కరువు తరిమితే కొందరు, కూలికి ఆశపడి కొందరు, నిజాం ఇలాకా నుంచి వచ్చిన పద్మశాలీల వాడలివి. అక్కడ మా మేనకోడలు వరసయ్యే పిల్ల ఒకతె మరాఠీ మీడియంలో చదివి, అర్థశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసింది. పీహెచ్‌డీ గైడ్‌ను మొదటిసారి కలవబోతూ, "మామా, సార్ ముంగట ఏం మాట్లాడాలె?" అని సాంచాల మోతలో అరిచి అడిగింది. చేతిలో నాలుగు పేజీలు. పైన శీర్షిక: 'షోలాపూర్ మరమగ్గ కార్మికుల సామాజిక, ఆర్థిక సమస్యలు: ఒక అధ్యయనం'. పక్కన వాళ్ళమ్మ సార్ కోసం కొత్త దుప్పటి సంచిలో సర్దుతోంది.

ముందు దుప్పటి తీయించాను. ఈ ఊరి నుంచి ఎవరింటికి వెళ్ళినా చేతిలో చద్దరు ఉండటం మర్యాదే. సీటు అడగబోయే చోట మాత్రం అదే దుప్పటి ఇంకోలా కనిపిస్తుంది. వెంట పెద్దమనిషిని తీసుకెళ్ళడమూ అంతే. కార్ఖానాలో పిల్లవాణ్ణి పనికి పెట్టాలంటే మేనమామో చిన్నాయనో వెళ్ళి మాట్లాడతాడు, పిల్లవాడు వెనక నిలబడి తలూపుతాడు. గైడ్ గదిలో నోరు విప్పాల్సింది ఆ వెనక నిలబడ్డ మనిషే. నన్నూ రమ్మంది. రానన్నాను.

కార్ఖానా రివాజుల్లో ఒకటి మాత్రం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. జకార్డు మగ్గం మీద కొత్త డిజైను ఎక్కించాలంటే ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుతారు. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు పొడుస్తారు. పేక ఒకసారి అటు నుంచి ఇటు నడవడానికి ఒక అట్ట. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క గడి తప్పితే ఆ తప్పు దుప్పటి మీద ప్రతి పువ్వులోనూ కూర్చుంటుంది. అందుకే ముందు జానెడు గుడ్డ నేయించి, వెలుతురులో తిప్పి చూస్తారు. బాగా నేస్తానని నోటితో ఎంత చెప్పినా ఆ జానెడు గుడ్డ ముందు చెల్లదు. గైడ్‌కు చూపాల్సిన జానెడు గుడ్డ ఒక్క పేజీ కాగితం. అందులో ఒక ప్రశ్న, దాని గురించి చదివింది కాస్త, ఆ ప్రశ్న నీకే ఎందుకు పుట్టిందో రెండు వాక్యాలు.

నాలుగు పేజీలు ఒకటి కావడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. 'సమస్యలు' అన్న మాట కొట్టేయమన్నాను. అది ఉన్నంతసేపూ ప్రశ్న పుట్టదు. మీ ఇంట్లో మగ్గం ఉన్నప్పుడు నాయనమ్మ ఏం చేసేది? కండెలు చుట్టేది. మగ్గం పోయాక, సాంచాలు కార్ఖానాలకు చేరాక? అమ్మ బీడీలు చుడుతోంది. పిల్ల కాసేపు ఊరుకుని, "అంటే చుట్టుడు పోలే మామా, చుట్టేదే మారింది" అంది. ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, కూలి ఎవరి చేతికి వచ్చింది అన్నవి అక్కడి నుంచి వాటంతట అవే వచ్చాయి.

'దీనిమీద ఇంతవరకు ఎవరూ పనిచేయలేదు' అన్న వాక్యం కూడా తీసేశాం. షోలాపూర్ నేతకులాల మీద ఆర్.జి. కాకడే చేసిన సర్వేను పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్ 1947లోనే అచ్చువేసింది. 1965లో డి.ఆర్. గాడ్గీళ్ ఈ నగరం మీద పుస్తకం తెచ్చారు. పశ్చిమ భారతపు నేతపట్టణాల మీద డగ్లస్ హేన్స్ పుస్తకం 2012లో వచ్చింది. వీటిని తిరగేయకుండా వెళ్తే మొదటి ఐదు నిమిషాల్లోనే దొరికిపోతాం. ఆ గైడ్ దగ్గర పట్టా పొందినవాళ్ళ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైటులో ఉంటే ఒకటి రెండు చూడాలి. కృతజ్ఞతల పేజీ ముఖ్యంగా. గురువు ఎలాంటివాడో అక్కడ కొంత తెలుస్తుంది, పొగడ్తలు తీసేసి చదవడం వస్తే.

పిల్ల భయం అసలు భాష గురించి. ఇంట్లో పడుగు, పేక; బడిలో తాణా, బాణా; థీసిస్‌లో వార్ప్, వెఫ్ట్. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. మూడు భాషల మాటలూ పక్కపక్కన ఒక నోటుబుక్కులో రాయించాను, తెలుగు మాటలు దేవనాగరి లిపిలోనే. తెలుగు రాని పరిశోధకుడు ఆ నాయనమ్మ గడప దాటాలంటే దుబాసీ కావాలి. ఈ పిల్లకు అక్కర్లేదు. ఆ సంగతి సార్‌కు మొహమాటం లేకుండా చెప్పమన్నాను.

మనం అడగాల్సినవీ ఉంటాయి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించి పరిశోధకులు ఉండకూడదు. ఖాళీ ఉందా, ఎన్నాళ్ళకోసారి కూర్చుంటారు, థీసిస్ ఏ భాషలో రాయనిస్తారు అని అడగడం అవిధేయత కాదు. గడువు కనీసం మూడేళ్ళు. అన్నాళ్ళు కలిసి పనిచేయబోయే మనిషిని అడగకపోతే ఎలా? నా కాలంలో నేను అడగలేదు. చేతులు కట్టుకుని, "మీరే ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్" అన్నాను. ఇచ్చారు. ఆయన సగంలో వదిలేసిన పని అది. రెండేళ్ళు ఈడ్చి నేనూ వదిలేశాను.

పిల్ల వెళ్ళొచ్చింది. సీటు మాట తేలలేదు; నెట్ మార్కులు, ఇంటర్వ్యూ ఇంకా ఉన్నాయి. కానీ సార్ ఆ ఒక్క పేజీని పెన్సిలుతో గీస్తూ చదివి, ఇంటి నుంచే మొదలుపెట్టి పదిమంది ముసలివాళ్ళను అడిగి రమ్మన్నారట. ఆ సాయంత్రమే నోటుబుక్కు పట్టుకుని నాయనమ్మ ముందు కూర్చుంది. కండెలు చుట్టినందుకు రోజుకెంత కూలి ఇచ్చేవాళ్ళని అడిగింది.

ముసలామెకు మొదట వినపడలేదు. రెండోసారి అరిచి అడిగితే, వింతగా చూసింది.

"కూలేందే? ఇంటి మగ్గానికి కండెలు చుడితే కూలి ఎవలిస్తరు?"