నడివయసులో బ్రిటిష్ నవల

పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ నవలలు తెలుగునాట చాలామందికి మొదట పరిచయమయ్యేది నాన్‌డిటెయిల్డ్ వాచకాల ద్వారానే. వందలాది పేజీల మూలాన్ని కుదించి, పరీక్షకు కావలసిన కథాక్రమాన్ని మాత్రమే మిగిల్చిన ఆ సంక్షిప్త ప్రతులు ఎవరికి ఎవరితో పెళ్లి అయిందో, ఎవరి ఆస్తి ఎవరికి దక్కిందో చెప్పగలవు గాని, ఆ కథ చెప్పిన గొంతును వినిపించలేవు. ఈ నవలల విలువ కథలో కన్నా కథనంలో, అంటే ఏ సంగతిని ఎవరి చూపులోంచి, ఎంత ఆలస్యంగా చెప్పాలన్న నిర్ణయంలో ఎక్కువగా ఉంది. అందువల్ల ఉద్యోగమూ సంసారమూ చవిచూశాక, ముప్పయ్యో నలభయ్యో ఏట మూలాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకునే పాఠకులు వెనకబడినవారు కారు. మనుషులను తొందరపడి అంచనా వేసి, ఆ అంచనాను తరవాత దిద్దుకున్న అనుభవమే ఈ నవలలకు సరైన ప్రవేశార్హత.

ఈ కథన పద్ధతుల్లో సూక్ష్మమైనది జేన్ ఆస్టెన్ చేతిలో పరిణతి పొందిన స్వేచ్ఛా పరోక్ష కథనం. రచయిత ప్రథమ పురుషలో కథ చెబుతూనే, ఎలాంటి హెచ్చరికా లేకుండా పాత్ర మనసులోని మాటను తన వాక్యంలో కలిపేయడం దీని లక్షణం. తెలుగులో ఆలోచనను కథనం నుంచి సాధారణంగా వేరుచేసేది ‘అని’ అనే చిన్న మాట. ‘ఈ ఇంట్లో తన మాట వినేదెవరు అని శారద అనుకుంది’ అన్న వాక్యంలో ఆ ‘అని శారద అనుకుంది’ తీసేసి, ‘శారద తలుపు మూసింది. ఈ ఇంట్లో తన మాట వినేదెవరు?’ అని రాస్తే, ఆ ప్రశ్న శారదదో రచయితదో తేల్చవలసిన బాధ్యత పాఠకుల మీద పడుతుంది. 1815 డిసెంబరులో వెలువడిన ‘ఎమ్మా’ చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తుంది. పాదిరి ఎల్టన్ తన స్నేహితురాలు హారియట్‌ను ప్రేమిస్తున్నాడని ఎమ్మా నమ్మినప్పుడు కథనమే ఆమె వైపు మొగ్గుతుంది కనుక పాఠకులూ తేలిగ్గా నమ్ముతారు; క్రిస్మస్ ముందురోజు రాత్రి బండిలో అతడు ఎమ్మాకే తన ప్రేమ తెలిపిన తరవాత వెనక్కి వెళ్లి చూస్తే, ఆధారాలన్నీ మొదటినుంచీ కళ్ళెదుటే ఉన్నాయని తెలుస్తుంది.

రెండో పద్ధతి ప్రచురణ విధానం నుంచి పుట్టింది. మూడు సంపుటాల కొత్త నవల ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు పలికిన కాలంలో, చార్లెస్ డికెన్స్ 1836లో మొదలుపెట్టిన ‘పిక్విక్ పేపర్స్’ నెలకో భాగంగా ఒక్కో షిల్లింగుకు దొరికింది. ఆపైన అలాంటి నవలలకు నెలకు 32 పేజీలు, రెండు బొమ్మలు అనే కొలత స్థిరపడింది. నెల తరవాత తిరిగి వచ్చే పాత్రను పాఠకులు వెంటనే గుర్తుపట్టాలి కనుక, డికెన్స్ ఒక్కొక్కరికి ఒక మాటనో చేష్టనో ముద్రగా ఇచ్చాడు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో ఉరియా హీప్ మాటిమాటికీ తన అణకువను చాటుకోవడం అలాంటిదే. ఒకే ఊపులో చదివితే అతిగా తోచే ఈ పునరుక్తి, విడతలుగా చదివినప్పుడు తన ప్రయోజనాన్ని చూపుతుంది.

మూడోది పశ్చాత్కథనం, అంటే పెద్దవాడైన పాత్ర తన గతాన్ని తానే చెప్పుకోవడం. 1860-61లో వారం వారం వచ్చిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో పిప్ ఒక్కడే అయినా గొంతులు రెండు: తనను పెంచిన కమ్మరి జో లండన్‌కు చూడవస్తే సిగ్గుపడ్డ యువకుడిది ఒకటి, ఆ సిగ్గును తలచుకుని కుమిలే పెద్దవాడిది మరొకటి. చిన్న వయసులో చదివేవారికి మొదటి గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. రెండోది వినడానికి తామూ ఒకరి పట్ల అలా ప్రవర్తించి ఉండాలి.

ఈ సంప్రదాయపు శిఖరం జార్జ్ ఇలియట్ అన్న పేరుతో రాసిన మేరీ ఆన్ ఎవాన్స్ నవల ‘మిడిల్‌మార్చ్’. ఇందులో కథ చెప్పేది సర్వజ్ఞ కథకుడు, అంటే అన్ని పాత్రల మనసులూ తెలిసిన గొంతు. ఇరవై నిండని డొరొతియా, నలభై అయిదు దాటిన పండితుడు కాసాబన్‌ను పెళ్లాడి నిరాశపడుతున్నప్పుడు పాఠకుల సానుభూతి అంతా ఆమె వైపే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కథకుడు వాక్యం మధ్యలో ఆగి, ఎప్పుడూ ఆమె సంగతేనా అని తననే ప్రశ్నించుకుని, ఎన్నటికీ పూర్తికాని గ్రంథం ముందు భయపడుతున్న కాసాబన్ మనసులోకి వెళతాడు. అతడి లోపాలు మాఫీ కావు గాని, అతడు కూడా బాధపడగలిగిన మనిషని ఒప్పుకోక తప్పదు.

ఎదిగిన పాఠకులకు ఈ నవలల అంచుల్లో ఉన్నవి కూడా కనబడతాయి. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ కుటుంబానికి ఆంటిగ్వాలో ఆస్తి ఉందని, ‘వానిటీ ఫెయిర్’లో జోస్ సెడ్లీ ఈస్టిండియా కంపెనీ కలెక్టరు ఉద్యోగంతో సంపన్నుడయ్యాడని గమనించినప్పుడు, ఆ ప్రశాంతమైన విందు గదుల సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో వలసపాలన చవిచూసిన దేశపు పాఠకులు అడగక మానరు. ఆ ప్రశ్న కూడా మంచి పఠనంలో భాగమే.

బ్రిటిష్ నవలా సంప్రదాయంతో తెలుగు నవలకు పుట్టుకలోనే బంధం ఉంది. కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ రచన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నుంచి ప్రేరణ పొంది, అనువాదంగా కాకుండా, ధవళేశ్వరపు కుటుంబ కథగా ‘రాజశేఖర చరిత్రము’ రాసి, 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో విడతలుగా ప్రచురించాడు.

అలాగే ‘మిడిల్‌మార్చ్’ 1871 డిసెంబరు నుంచి 1872 డిసెంబరు వరకు ఎనిమిది భాగాలుగా వెలువడింది కనుక, దాని తొలి పాఠకులు కూడా భాగానికీ భాగానికీ నడుమ తమ పనుల్లో తాము ఉంటూ, డొరొతియా గురించి తలపోసుకుంటూ ఏడాది గడిపారు. పగలంతా పనిచేసి రాత్రి పది పేజీలు మాత్రమే చదవగలిగే ఈనాటి పాఠకులు ఆ నవలకు అన్యాయం చేయడం లేదు. అది ఏ నడకతో చదవడానికి పుట్టిందో ఆ నడకనే దానికి తిరిగి ఇస్తున్నారు.