తంగేడు పువ్వు, తంగేటి పువ్వు: ఒక పేరు అర్థపరిధి

2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తరువాత ఆ పేరు పాఠాలలోకి, పోటీ పరీక్షల ప్రశ్నలలోకి, బతుకమ్మపై వెలువడే వ్యాసాలలోకి విరివిగా వచ్చింది. అక్కడ ‘తంగేడు’ అంటే పసుపుపచ్చని పువ్వు, అంతే. ఈ అర్థం తప్పు కాదు. కానీ మెట్టనేలలో ఎవరూ నాటకుండా పెరిగే ఒక మొక్క పేరును పువ్వు మట్టుకు కుదిస్తే, ఆ పేరుతో ముడిపడిన పనులూ, ఆ పనులు చేసిన మనుషులూ నిర్వచనం నుంచి జారిపోతారు. నిజామాబాద్ జిల్లా నవీపేట్, బోధన్ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ కుదింపును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా వ్యుత్పత్తి. ‘తంగం’ అంటే బంగారం కనుక బంగారువన్నె పూల చెట్టు తంగేడు అయిందని చెప్పాలనిపిస్తుంది. వినడానికి ఇంపైన మాటే, కానీ నిలవదు. బంగారాన్ని తంగం అనే తమిళంలో ఈ మొక్క పేరు ఆవిరై, ఆవారం. మన పేరుకు దగ్గరి రూపం కన్నడంలోని ‘తంగడి’. బాసర మీదుగా ధర్మాబాద్ చేరితే మరాఠీలో ఇదే ‘తరవడ్’. పైగా తెలుగులో నేరేడు, మారేడు, జిల్లేడు, తంగేడు ఒకే తీరున ముగిసే చెట్ల పేర్లు. వీటిలో ఒక్కదానిని విడదీసి తమిళ బంగారంతో అర్థం చెబితే మిగిలిన మూడింటి మాటేమిటి?

రూపం విషయంలో వ్యాకరణం చెప్పేది ఎక్కువ. ‘డు’తో ముగిసినా ఇది రాముడు వంటి మహద్వాచకం కాదు. రాముడు ‘రాముని’ అవుతాడు. తంగేడు ఔపవిభక్తికమై ‘తంగేటి’ అవుతుంది. కనుక ‘తంగేటి పువ్వు’ అంటే తంగేడు యొక్క పువ్వు. మొక్క వేరు, పువ్వు దాని ఒక భాగం. ‘తంగేడు పువ్వు’ను తంగేడు అనే పువ్వు అని కూడా విడదీయవచ్చు. అప్పుడు పేరు మొత్తంగా పువ్వుదే. నేరేడు పండు, మారేడు దళం అన్నప్పుడూ ప్రథమాంతమే వాడుతున్నాం కాబట్టి రూపం ఒక్కటే రుజువు కాజాలదు. వాడుకను చూడాలి. బతుకమ్మ రోజుల్లో మా ప్రాంతంలో ‘తంగేడుకు పోయినం’, ‘ఈసారి తంగేడు దొరకలే’ అంటే చెట్టు గురించి కాదు, పువ్వు గురించే. ప్రభుత్వ చిహ్నం ఈ అర్థాన్ని కొత్తగా పుట్టించలేదు. పండుగలో ఉన్నదాన్ని ఏడాది పొడవునా నిలబెట్టింది.

‘తంగేటి’ అనే రూపం వెంట నడిస్తే మరో లోకం కనబడుతుంది. తంగేటి చెక్క తోలును పదును చేసే సరుకు. లందలో పనిచేసిన మాదిగల చేతిలో ఈ మొక్కకు విలువ పువ్వువల్ల కాదు, బెరడువల్ల. ఇంగ్లీషువారు దీనిని ‘టానర్స్ కాషియా’ అన్నారు, అంటే తోలు పదును చేసేవారి చెట్టు. శాస్త్రనామం ‘సెన్నా ఆరిక్యులేటా’లో రెండవ మాటకు చెవులు గలదని అర్థం, ఆకు మొదట ఉండే చెవి ఆకారపు పత్రపుచ్ఛాలను బట్టి వచ్చింది. పరాయి పేర్లు రెండూ పువ్వును పట్టించుకోలేదు, ఒకటి వృత్తిని కూడా గుర్తుంచుకుంది. మన నిర్వచనాలు దానిని వదిలివేయడం విచిత్రమే. ఇక తంగేటి రొట్ట నాటుకు ముందు పొలంలో తొక్కించే పచ్చిఎరువు. తంగేటి పుల్ల పళ్లు తోముకోవడానికి. కావ్యభాషలోని ‘తంగేటి జున్ను’లో జున్ను అంటే తేనెపట్టు, తంగేడు పొద పొట్టిది కాబట్టి ఆ తేనె చేతికందేది. నేటి విద్యార్థి దానిని పాలజున్నుగా చదివితే ఆ పలుకుబడి మొత్తం చెడుతుంది.

ఇతర మొక్కలకు పేరు పెట్టడంలో కూడా తంగేడు కొలతగా నిలిచింది. సున్నాముఖికి నేలతంగేడు అని పేరు. రోడ్ల పక్కన నాటే, పసుపు పూల పరాయి వృక్షం సీమతంగేడు. ఇక్కడ ‘సీమ’ అనే విశేషణాన్ని వదిలేసి దానినీ తంగేడే అనడం తేలికపాటి పొరపాటు కాదు.

ఊళ్ల పేర్లలో బహువచన రూపం మిగిలింది. సిరిసిల్ల దగ్గరి తంగెళ్లపల్లిని చూడగానే ‘తంగేళ్లు’ గుర్తుకొస్తుంది; బాపట్ల వైపు జిల్లెళ్లమూడిదీ అదే తీరు. మొక్కను బట్టి ఊరికి పేరు పెట్టుకున్న కాలం అది. 1931లో నిజాంసాగర్ పూర్తై, కాలువ నీటితో చెరకు పెరిగాక, బోధన్‌లో ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు వచ్చింది. అక్కడ ఊరికి పేరిచ్చింది మొక్క కాదు, దాని నుంచి తీసిన సరుకు. నీరు పారిన నేలలో తంగేడుకు చోటు తగ్గింది. పశువులు సాధారణంగా మేయవు కాబట్టి గుట్టవారలా, పడావు భూముల్లో, కట్టల మీద నిలిచింది.

కాబట్టి ఈ ప్రాంతపు పదసేకరణలో తంగేడును పూల జాబితాలో ఒక మాటగా నమోదు చేయడం చాలదు. బతుకమ్మ పేర్చే స్త్రీలను అడిగితే పువ్వే వస్తుంది. చెక్క, రొట్ట, పుల్ల అనే మాటలు కావాలంటే లంద పని తెలిసిన వృద్ధులనూ, యూరియాకు ముందు నాటు వేసిన రైతులనూ విడిగా అడగవలసి ఉంటుంది.